పాలసీలో లేని పేరు

"ఇంకోసారి చెప్పండమ్మా... సరిగ్గా వినబడలేదు!" అన్నాడు ఫర్గల్ ఫోన్‌లో.

వినబడకపోవడం కాదు, నమ్మలేకపోవడం! అవతల ఇన్సూరెన్సు కంపెనీ అమ్మాయి అదే అంకెను అదే మెత్తటి గొంతుతో మళ్ళీ చెప్పింది. ఫర్గల్ ఫోన్ పెట్టేసి వంటింటి బల్ల ముందు కూలబడ్డాడు. పొయ్యి దగ్గర బంగాళాదుంపలు వారుస్తున్న అతని భార్య మజెల్లా గిన్నె దించి ఇటు తిరిగింది. బల్లకి అవతల కూర్చున్న కూతురు కీవా తండ్రి ముఖంలోకే చూస్తోంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మొన్ననే మొదటి ప్రయత్నంలోనే డ్రైవింగ్ పరీక్ష పాసయింది. కొండకవతల వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా ఉద్యోగం కూడా వచ్చింది. అక్కడ పేరు చెడకుండా కొంతకాలం పనిచేస్తే, నర్సింగు చదువుకి తామే సిఫారసు చేస్తామని చెప్పారు. కానీ ఆ కొండదారిలో బస్సు లేదు. ఇంట్లో ఉన్న పాత ఎర్ర కారు పాలసీలో కీవా పేరు చేర్పిస్తే చాలు, పిల్ల దారి పిల్ల చూసుకుంటుంది... అంతే కదా అనుకున్నారు!

"ఎంతట నాన్నా?"

"ఈ కారు అమ్మితే వచ్చేదానికి మూడింతలు," అన్నాడు ఫర్గల్. "అదీ ఒక్క ఏడాదికి!"

పొయ్యి పక్కన కుర్చీలో జపమాల తిప్పుకుంటున్న అతని తల్లి కాసీ ఒక్కసారిగా తల ఎత్తింది. "పక్కూళ్ళ మగపిల్లలు తాగి గోడలకేసి గుద్దుకుంటే దానికి నా మనవరాలు కట్టాలా? ఇదెక్కడి న్యాయంరా? మన పిల్ల ఇంతవరకు ఓ కోడినైనా గుద్దిందా?"

"వాళ్ళకి నీ మనవరాలు తెలీదమ్మా. ఇరవై ఏళ్ళ లోపు వయసు, కొత్త లైసెన్సు, మన డనెగాల్ జిల్లా కొండరోడ్లు. అంతవరకే వాళ్ళు చూస్తారు."

"అయితే ఆ ఉద్యోగం..." అంది కీవా.

ఫర్గల్ కూతురి వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు. కిల్లీబెగ్స్ రేవు నుంచి వేటకి వెళ్ళే పడవలో అతనికి సగం వాటా ఉంది. ఆ ఏడు చేపలూ లేవు, చేపలకి ధరా లేదు. "వచ్చే ఏడు చూద్దాం తల్లీ," అన్నాడు నెమ్మదిగా. అంతలోనే గొంతు గట్టిపడింది. "అందాకా స్టీరింగు ముట్టుకోవడానికి వీల్లేదు. మజెల్లా, నీకే చెప్తున్నా! నేను సముద్రం మీద ఉన్నాను కదా అని తల్లీకూతుళ్ళు ఒక్కటైపోకండి. ఇన్సూరెన్సు లేకుండా నడిపి దొరికితే పిల్ల బతుకంతా మచ్చ పడిపోతుంది."

"నేనెందుకు ముట్టుకోనిస్తాను?" అంది మజెల్లా. "ఉద్యోగం మాత్రం వదలనివ్వను. నేనే దింపుతాను, నేనే తీసుకొస్తాను."

అన్నట్టే చేసింది ఆ తల్లి! తెల్లవారకముందే లేచి కొండ దాటి కూతుర్ని దింపేది. అటునుంచి అటే ఊళ్ళోకి వచ్చి, ఒంటరిగా బతికే ముసలివాళ్ళకి వ్యానులో వేడి భోజనం అందించే తన ఉద్యోగం చేసుకునేది. సాయంత్రం మళ్ళీ కొండ ఎక్కేది. నడుము పట్టేసేది, కళ్ళు మండేవి. అయినా ఆ వ్యాను ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. తలుపు తీసే ప్రతి ముసలావిడా "వచ్చావా మజెల్లా!" అని నవ్వుతుంటే, ఇంట్లో కరువైన ఆదరణ అక్కడ దొరికేది.

అవును, ఇంట్లో కరువే! కాపురానికి వచ్చిన నాటి నుంచీ అత్తగారికి ఆమె మీద మంచి మాట లేదు. పట్నం పిల్ల, రొట్టె కాల్చడం రాదు, సముద్రాన్ని చూసి భయపడుతుంది... కాసీ నోరు ఊరంతటికీ తెలుసు. మజెల్లా కూడా మొదట్లో ఎదురు సమాధానాలు చెప్పేది. ఆ కేకలు దిగువింటి ఫిలొమీనా దాకా వినబడేవి. అక్కణ్ణించి చర్చి మెట్ల దాకా వెళ్ళేవి. తర్వాత తర్వాత మజెల్లాయే నోరు కట్టేసుకుంది. కానీ ఊరు మరిచిపోదుగా!

నవంబరులో ఒక ఆదివారం. ఫర్గల్ వేటలో ఉన్నాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు ముగ్గురూ కారు దగ్గరికి వచ్చారు. సన్నగా జల్లు పడుతోంది. కాసీ ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుంది.

"ఇవాళ పిల్లని నడపనివ్వు. సముద్రపు దారిలో పోదాం," అంది.

"వద్దత్తయ్యా. పాలసీలో దాని పేరు లేదు. ఆయనకి మాటిచ్చాను."

"పేరట, పేరు! ఆదివారం పూట ఆ దారిలో పురుగైనా ఉంటుందా? నువ్వు నడిపితే నన్ను శ్మశానానికి తీసుకెళ్తున్నట్టే ఉంటుంది. పిల్ల లైసెన్సు తెచ్చుకుని ఆర్నెల్లవుతోంది, అలా వదిలేస్తే వచ్చిందీ మరిచిపోతుంది. నీకు అన్నిటికీ భయమే! నీ భయాలు దానికీ అంటించు!"

"నానమ్మా, ఊరుకో. నాకేం వద్దు," అంది కీవా. కానీ అంటున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు తాళాల మీదే ఉన్నాయి.

మజెల్లా ఆ కళ్ళు చూసింది. ఎన్ని నెలలైంది ఈ పిల్ల నవ్వి! తోటి పిల్లలంతా ఎక్కడెక్కడికో ఎగిరిపోతుంటే, అమ్మ ఎప్పుడు వస్తుందా అని ఆశ్రమం గేటు దగ్గర వానలో నిలబడే పిల్ల... ఒక్కసారి... ఇంటి దాకా ఒక్కసారి... మజెల్లా తాళాలు కూతురి చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చుంది.

కీవా ఎంత చక్కగా నడిపింది! ముసలావిడ మురిసిపోయి పాట అందుకుంది. కీవా నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగనే లేదు... మలుపులో, రోడ్డుకి అడ్డంగా తడిసిన గొర్రె! కీవా కెవ్వుమంది, స్టీరింగు తిప్పేసింది, చక్రాలు జారాయి. రాతిగోడ దూసుకొచ్చింది. కారు ఎడమ పక్క, కాసీ కూర్చున్న పక్క, గోడలోకి నొక్కుకుపోయింది.

ఆ తర్వాత వాన చప్పుడు మాత్రమే!

"నానమ్మా! నానమ్మా!" కీవా అరుస్తోంది. మజెల్లా ఎలాగో బయటికొచ్చి కూతుర్ని డ్రైవరు సీట్లోంచి లాగింది. ఒంటి మీద దెబ్బ లేదు. ఇటు వచ్చి చూస్తే, కాసీ నడుము దాకా రేకుల మధ్య ఇరుక్కుని ఉంది. స్పృహ ఉంది. పెదవులు నీలంగా వణుకుతున్నాయి. దూరంగా ఏదో బండి వస్తున్న చప్పుడు వినబడింది.

ఆ క్షణంలో మజెల్లా మనసులో ఒకటే మెరిసింది. పాలసీలో ఉన్నది తన పేరూ, ఫర్గల్ పేరూ! కంపెనీ పైసా ఇవ్వదు. కోర్టు పిల్లని వదలదు. నర్సింగూ లేదు, ఏమీ లేదు...

ఆమె కూతురి భుజాలు పట్టి కుదిపింది. "విను! నువ్వు వెనక కూర్చున్నావు. నేను నడిపాను. అర్థమైందా? నేను!"

"అమ్మా, వద్దు... నానమ్మ..."

"నా మీద ఒట్టు! నేను చచ్చినంత ఒట్టు!"

కాసీ ఇదంతా వింటోంది. కళ్ళు విప్పి కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో మజెల్లాకి అంతుబట్టలేదు.

ఆసుపత్రిలో పోలీసు అడిగినప్పుడు కాసీ గోడ వైపు తల తిప్పుకుని, "కోడలే నడిపింది," అంది. ఇన్సూరెన్సు మనిషి ఇంటికి వచ్చి, మర్యాదగా, పదిరకాలుగా అడిగాడు. మీరు ఎడమకెందుకు తిప్పారు? గొర్రెని ఎంత దూరంలో చూశారు? మీ అమ్మాయి ఎప్పుడైనా ఈ కారు నడుపుతుందా? మజెల్లా ఒకటే పాఠం అప్పజెప్పింది. ఆయన నమ్మాడు. కంపెనీ సొమ్ము ఇచ్చింది. కాసీకి చక్రాల కుర్చీ వచ్చింది, గుమ్మానికి వాలుదారి వచ్చింది, కింది గది ఆమెకి అనువుగా మారింది. కాళ్ళు మాత్రం రాలేదు! ఇక రావని డాక్టర్లు చెప్పేశారు.

అజాగ్రత్తగా నడిపినందుకు కోర్టు మజెల్లా లైసెన్సు తీసేసింది. లైసెన్సు లేని మనిషికి భోజనాల వ్యాను ఎవరిస్తారు? ఆ ఉద్యోగమూ పోయింది.

అవన్నీ భరించింది. ఊరి నోటిని భరించడమే కష్టమైంది! దుకాణంలో ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. ఫిలొమీనా అయితే చాటుగా అనే ఓపిక కూడా పట్టలేదు. "ఆ పక్కే గుద్దుకోవడమేంటమ్మా! తల్లికీ కూతురికీ గీరుడైనా లేదు. ముసల్దానికేమో కాళ్ళే పోయాయి! ఏళ్ళ తరబడి విన్నాం కదా వాళ్ళ గొడవలు..."

ఆ మాట ఫర్గల్ చెవిన పడింది. అతను ఇంటికొచ్చి భార్య ఎదురుగా నిలబడ్డాడు. "ఒక్కటి చెప్పు మజెల్లా. ఆ రోజు మీరిద్దరూ గొడవపడ్డారా కార్లో?"

గొడవపడ్డ మాట నిజమే. కానీ దేనికని చెప్తుంది?

"పడ్డాం," అంది.

ఆ రోజు నుంచి పక్క వేరైంది. వేట లేని రోజుల్లో కూడా పడవలోనే పడుకునేవాడు. ఇంటికి వస్తే తల్లి గదిలో కూర్చునేవాడు. భార్య వడ్డిస్తే తినేవాడు, ఆమె ముఖం మాత్రం చూసేవాడు కాదు. కీవా ఆశ్రమం దగ్గరే చిన్న గది అద్దెకి తీసుకుంది. ఎప్పుడో వస్తుంది, తల్లిని పట్టుకుని ఏడుస్తుంది. "చెప్పేస్తానమ్మా, నాన్న నిన్ను చూసే చూపు నేను చూడలేను!" అంటుంది. మజెల్లా ఆ పిల్ల నోటికి తన చెయ్యి అడ్డం పెడుతుంది.

ఇక కాసీ... ఆమెని లేపడం, ఒళ్ళు తుడవడం, జుట్టు దువ్వడం, వేళకి సూపు అందించడం, అన్నీ మజెల్లాయే. విచిత్రం! ఊరంతటికీ వినబడే ఆ నోరు మూగబోయింది. వంక పెట్టదు, విసుక్కోదు. కోడలి ముఖం చూడదు. ఒకసారి కాళ్ళకి నూనె రాస్తుంటే ఆమె కళ్ళలోంచి ధారలు కారుతున్నాయి. "నొప్పా అత్తయ్యా?" అని అడిగింది మజెల్లా. "ఆ కాళ్ళకి నొప్పి తెలిస్తేగా!" అని ముఖం తిప్పుకుంది కాసీ.

ఈస్టర్ వచ్చింది. మజెల్లా గొర్రె మాంసం కాల్చింది, దుంపలు వేయించింది. కీవా కూడా వచ్చింది. చాలా రోజులకి నలుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. ఫర్గల్ కత్తీ ఫోర్కూ పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మని స్లైగోలో చెల్లి ఇంటికి తీసుకెళ్తున్నాను. నేనూ అక్కడే ఉంటాను. ఆ రేవులో పని చూసుకుంటాను."

"మరి... అమ్మ?" అంది కీవా.

"మీ అమ్మ ఇక్కడే ఉంటుంది. ఇల్లు ఆమెకే వదిలేస్తాను." అతను మొదటిసారి భార్య కళ్ళలోకి చూశాడు. "కావాలని చేశావని నేననను మజెల్లా. కానీ నువ్వు నా తల్లిని ఎప్పుడూ ప్రేమించలేదు. కోపంలో నడిపావు. ఆ కోపం ఆమె కాళ్ళు తీసేసింది. నీ ముఖం చూస్తే నాకు అదే గుర్తొస్తోంది. నేనేం చెయ్యను?"

మజెల్లా తల వంచుకుంది. కన్నీళ్ళు కంచంలో పడుతున్నాయి. కీవా లేచి నిలబడింది, నోరు తెరిచింది. అంతలో బల్ల మీద ధడేలుమని చప్పుడైంది. కాసీ! రెండు చేతులతో బల్లని బాదింది.

"నోర్ముయ్యరా! ఇంకొక్క మాట దాన్ని అన్నావంటే నేను నీ తల్లినే కాదు!"

"అమ్మా..."

"నా కాళ్ళు తీసింది నీ పెళ్ళాం కాదు. నా నోరు! వినబడిందా? అది వద్దంటే వద్దంది. నేనే... నేనే పొడిచి పొడిచి పిల్ల చేతికి తాళాలు ఇప్పించాను. నడిపింది కీవా! అదీ తప్పు చెయ్యలేదు, గొర్రె అడ్డమొచ్చింది. కేసు పడకుండా, పిల్ల చదువు పోకుండా, నేను రోడ్డు పాలు కాకుండా, ఆ మహాతల్లి అంతా తన నెత్తిన వేసుకుంది!" కాసీ ఎగశ్వాసతో ఊగిపోతోంది. "నేనేమో నోరు మూసుకున్నాను. పిల్ల కోసమని చెప్పుకున్నాను. అబద్ధం! నీ ముందు దోషిగా నిలబడడానికి భయపడ్డానురా. కోడలికి భయమని ఎన్నేళ్ళు ఎగతాళి చేశాను... పిరికిదాన్ని నేను! రోజూ నా ఒళ్ళు కడుగుతూ ఒక్కనాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ చేతుల్లో నేను రోజూ చచ్చానురా ఫర్గల్..."

ఫర్గల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మజెల్లా..." అన్నాడు.

కీవా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

"ఎక్కడికే?" మజెల్లా గాభరాగా లేచింది.

"పోలీస్ స్టేషన్‌కి."

"నీకు పిచ్చెక్కిందా! ఇంట్లో తెలిసింది చాలు. ఇంటి మాట ఇంట్లోనే ఉంటుంది. నేను పోగొట్టుకున్నది ఎలాగూ పోయింది, నువ్వు కూడా ఎందుకు పోగొట్టుకుంటావు? నీ చదువు తల్లీ..."

"అమ్మా, నేను రోజూ నడవలేని వాళ్ళని మంచాల మీంచి లేపుతాను. ఎవరి కాళ్ళు పట్టుకున్నా నానమ్మ కాళ్ళే! ఎవరు 'నువ్వు మంచిదానివమ్మా' అన్నా నువ్వే గుర్తొస్తావు. ఇలా నర్సునై ఏం చేసుకోను? ఊళ్ళో నీ పేరు అలా ఉంటే నేను బతికేదెలా?" కీవా వెక్కి వెక్కి ఏడుస్తూనే తల్లి చేతులు విడిపించుకుంది. "నన్ను కాపాడావమ్మా. ఇక చాలు... ఇక వదిలెయ్!"

మజెల్లా భర్త వైపు చూసింది, ఆపమన్నట్టు. ఫర్గల్ లేచి తన కోటు తీసుకున్నాడు. "పద తల్లీ. నేను వస్తాను," అన్నాడు.

నిజం చెప్పేస్తే భారం దిగుతుందంటారు. ఆ ఇంటి మీద ఇంకా భారమే పడింది! కంపెనీ తాను ఇచ్చిందంతా వెనక్కి ఇమ్మంది. ఫర్గల్ పడవలో తన వాటా అమ్మేశాడు. తన చేత్తో రంగులేసుకున్న ఆ పడవలోనే కూలికి చేరాడు. ఇన్సూరెన్సు లేకుండా నడిపినందుకు, ప్రమాదం చేసినందుకు కీవా లైసెన్సు ఏళ్ళ పాటు పోయింది. ఆశ్రమం వాళ్ళు బాధపడుతూనే ఆమెని పనిలోంచి తీసేశారు. నర్సింగు మాట ఇక ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల రేవులో చేపలు కోసే షెడ్డులో చేరింది. పోలీసులకి అబద్ధం చెప్పినందుకు మజెల్లా కూడా జడ్జి ముందు నిలబడాల్సి వచ్చింది. కాసీ చక్రాల కుర్చీలో వచ్చి, "జైల్లో వెయ్యాలంటే ముందు నన్ను వెయ్యండి బాబూ," అంటూ చేతులు జోడించింది. జడ్జి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మజెల్లాకి జైలు శిక్ష వేసి, దాన్ని అమలు చెయ్యకుండా నిలిపేశాడు. మళ్ళీ తప్పు చేస్తే మాత్రం వదిలేది లేదన్నాడు.

కోర్టు బయట ఫిలొమీనా కనబడింది. "నాకు ముందే అనుమానం మజెల్లా, నువ్వలాంటి దానివి కాదని..." అంటూ చెయ్యి పట్టుకోబోయింది. మజెల్లా చెయ్యి వెనక్కి తీసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరే వంటింట్లో మిగిలారు. కీవా పైన నిద్రపోతోంది. మజెల్లా క్యాబేజీ తరుగుతుంటే ఫర్గల్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. పొద్దుట్నించీ కూడదీసుకున్న మాట ఇప్పుడు బయటికి వచ్చింది.

"నన్ను క్షమించగలవా?"

ఆమె కత్తి ఆపింది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదేమో!

"నేనే అబద్ధం చెప్పాను. నువ్వు నమ్మావు. అందులో నీ తప్పేముంది? క్షమించాను ఫర్గల్. మనసారా క్షమించాను. కానీ..." ఆమె కళ్ళు నిండాయి. "నేను కారు నడిపానంటే నమ్మావు, సరే. కసితో నడిపానన్నా నమ్మావే! ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి... నేను అలాంటిదాన్ని కానని నీకు నువ్వుగా ఒక్కనాడైనా అనిపించలేదా? మీ అమ్మ సాక్ష్యం చెప్తే గాని నీకు తెలియలేదా?"

ఫర్గల్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని పసివాడిలా ఏడ్చాడు. మజెల్లా అతన్ని ఓదార్చలేదు. అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు.

లోపలి గదిలోంచి కాసీ గొంతు వినబడింది. "అమ్మా మజెల్లా... కాస్త ఇటు తిప్పి పడుకోబెడతావా?"

అలవాటుగా మజెల్లా లేవబోయింది. ఫర్గల్ కళ్ళు తుడుచుకుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు కూర్చో. నేను వెళ్తాను," అన్నాడు.

"నీకు రాదు."

"నేర్చుకుంటాను."

అతను లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మంచం కిర్రుమంది. "అలా కాదురా, మెడ కింద చెయ్యి పెట్టు! ఆ... ఇప్పుడు నడుము. నెమ్మది! అది ఎంత సుతారంగా పడుకోబెడుతుందో చూశావా ఎప్పుడైనా?" అంటోంది కాసీ.

"చూడలేదమ్మా," అన్నాడు ఫర్గల్. "నేనేదీ చూడలేదు."

వంటింట్లో మజెల్లా కదలకుండా అలాగే కూర్చుంది.